ఇంక్‌స్కేప్‌లో బాగున్న ఒత్తులు ప్రెస్సు కంప్యూటర్లో చెదిరిపోతున్నాయి – ఎక్కడ సరిచేయాలి?

శుభలేఖ_సుధ
ఇంక్‌స్కేప్ 1.3, విండోస్ 10. డిజైన్ ప్రోగ్రాం ఇది. పెళ్లికార్డు లోపలి పేజీ, 5 × 7 అంగుళాలు. శీర్షికకు రామభద్ర ఫాంటు, మిగతా మేటరుకు మండలి ఫాంటు, అంతే. తెర మీద ఏ లోపమూ లేదు. పీడీఎఫ్ చేసి పంపితే ప్రెస్సువాళ్లు దాన్ని తమ డిజైన్ ప్రోగ్రాం కోరల్‌డ్రాలో తెరిచారు. 'శ్రీరస్తు'లో క్రారవడి పక్కకు జరిగింది, 'లక్ష్మి'లో మ ఒత్తు కిందికి పోకుండా పక్కన కూర్చుంది, 'జ్యోత్స్న' అయితే ముక్కలు ముక్కలు. అదే పీడీఎఫ్ ఫోన్లో, బ్రౌజర్లో చక్కగా ఉంది. ఇంకో రెండు ఉన్నాయి. పెళ్లివారు వాట్సాప్‌లో పంపిన మేటరు పేస్టు చేస్తే అక్కడక్కడ చుక్కల వలయం వస్తోంది. ఫైలు పక్క సిస్టమ్‌లో తెరిస్తే రామభద్ర పోయి ఏదో మామూలు ఫాంటు వస్తోంది. మూడూ ఒకే జబ్బా, వేర్వేరా? ఇంక్‌స్కేప్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే పోతుందా?

పొల్లు_నకారం
మూడూ వేర్వేరు సుధ గారూ. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఒక్కటీ పోదు, దాని జోలికి వెళ్లకండి.

మీరు టైపు చేసేది వరుసగా కోడ్లు మాత్రమే. 'శ్రీ' అంటే శ, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం నాలుగు. వీటిని కలిపి ఒక రూపంగా మార్చేది హార్ఫ్‌బజ్ అనే షేపింగ్ ఇంజిన్. ఇంక్‌స్కేప్ ప్యాంగో అనే టెక్స్ట్ లైబ్రరీ ద్వారా దాన్నే వాడుతుంది కాబట్టి తెర మీద మీకు తేడా రాలేదు. పీడీఎఫ్‌లోకి వెళ్లేటప్పటికి కోడ్లు వెనక్కి పోతాయి. 'ఫలానా ఫాంటులో ఫలానా నంబరు బొమ్మ, ఫలానా చోట' అన్న లెక్క ముందుకొస్తుంది. బ్రౌజరు ఆ బొమ్మల్ని చెప్పిన చోట గీసేసి ఊరుకుంటుంది, అందుకే అక్కడ బాగుంది. కోరల్ ఊరుకోదు. ఎడిట్ చేయడానికి వీలుగా ఆ బొమ్మల్లోంచి మళ్లీ అక్షరాలను తయారుచేయబోతుంది. ఒత్తు బొమ్మలకు సొంతంగా యూనికోడ్ స్థానం లేదు, కాబట్టి అక్కడ చతికిలపడుతుంది.

మందు మీ దగ్గరే ఉంది. ఫైల్ మెనూలో 'సేవ్ ఏ కాపీ', రకం పీడీఎఫ్. ఆ తర్వాత వచ్చే పెట్టెలో టెక్స్ట్‌కు మూడు ఎంపికలుంటాయి: 'ఎంబెడ్ ఫాంట్స్', 'కన్వర్ట్ టెక్స్ట్స్ టు పాత్స్', మూడోది లాటెక్ వాళ్ల కోసం. రెండోది పెట్టండి. పీడీఎఫ్‌లో ఇక అక్షరాలుండవు, గీతలే ఉంటాయి. కోరల్ కాదు కదా, ఎందులో తెరిచినా చెదరడానికేమీ మిగలదు. ఎస్‌వీజీ ఫైల్లో మాత్రం టెక్స్ట్ టెక్స్ట్‌గానే ఉంటుంది, ముహూర్తం మారిందని ఫోన్ వస్తే దిద్దుకోవచ్చు.

ఛత్తాబజార్_డీటీపీ
ప్రెస్సోళ్లకు కూడా ఒక మాట చెప్పుండ్రి మేడమ్. కోరల్‌లో పీడీఎఫ్ ఇంపోర్ట్ చేస్తుంటే ఒక పెట్టె వస్తది, 'ఇంపోర్ట్ టెక్స్ట్ యాజ్' అని. అండ్ల 'టెక్స్ట్' కాకుండ 'కర్వ్స్' (అంటే గీతలు) పెడితే మీ పాత పీడీఎఫ్ కూడా మంచిగనే తెరుచుకుంటది. ఆదరబాదరగ ఓకే కొట్టేస్తరు, గక్కడనే పోతది. వాళ్లు చేస్తరని మాత్రం కూసోకుండ్రి, మీ దిక్కునుంచే కర్వ్స్ చేసి పంపుండ్రి.

ఇంకో సంగతి. శీర్షికకు బంగారు ఫాయిల్ ఉందా? ఉంటే పాత్ (గీత) చేస్తే సరిపోదు, యూనియన్ చేయాలె, అంటే ముక్కలన్నీ కలిపి ఒకే ఆకారం చేయాలె. తెలుగుల ఒత్తు వేరే బొమ్మ, పై అక్షరం వేరే బొమ్మ, రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటయి. నల్లగ నింపితే కనపడది గని ఫాయిల్ అచ్చు బ్లాక్ చేసెటోనికి, స్టిక్కర్ కోసెటి ప్లాటర్‌కు రెండు గీతలూ కనపడతయి. ప్లాటర్ అయితే ఒత్తు అతుక్కున్న కాడ లోపటి నుంచి కూడా బ్లేడు గుంజుతది.

ముందుగల వ్యూ మెనూల 'డిస్‌ప్లే మోడ్', 'అవుట్‌లైన్' పెట్టి చూడుండ్రి. 'స్తు' కాడ గీతలు ఒకదాన్నొకటి దాటుతున్నయా లేదా తెలుస్తది. తర్వాత టెక్స్ట్‌ను పట్టుకొని కంట్రోల్+షిఫ్ట్+సీ, అది పాత్ అయితది. కంట్రోల్+షిఫ్ట్+జీ తోటి గ్రూపు విప్పుండ్రి. కింది పట్టీల గ్రూప్ అనే మాట పోయేదాక విప్పాలె. అన్నీ పట్టుకొని కంట్రోల్+ప్లస్. మళ్ల అవుట్‌లైన్‌ల చూస్తే 'స్తు' ఒక్కటే గీత కావాలె. పేజీ మొత్తం ఒక్కపారి పట్టుకుంటే మిషిను బిగుసుకుంటది, లైను లైను చేసుకోండ్రి. రంగులు వేర్వేరుంటే రంగు రంగుకు విడిగ చేయాలె, లేకుంటే అన్నీ ఒకే రంగైతయి.

శుభలేఖ_సుధ
ఫాయిల్ ఉంది. యూనియన్ అయ్యాక అవుట్‌లైన్‌లో ఒకే గీత కనిపిస్తోంది. శీర్షిక చుట్టూ మెరూన్ అంచు కూడా కావాలన్నారు. స్ట్రోక్ (అంచు గీత) ఇస్తే అక్షరం సన్నబడి, ఒత్తులోని ఖాళీ పూడిపోతోంది.

పొల్లు_నకారం
స్ట్రోక్ గీతకు రెండు వైపులా సగం సగం పడుతుంది, లోపలి సగం అక్షరాన్ని తినేస్తుంది. యూనియన్ చేసిన పాత్‌ను కంట్రోల్+డీతో నకలు తీయండి. కింది నకలుకు మెరూన్ స్ట్రోక్, జాయిన్ (గీతల మూలలు) గుండ్రంగా పెట్టండి, మొన పెడితే తలకట్ల దగ్గర ముళ్లు లేస్తాయి. పై నకలుకు స్ట్రోక్ లేకుండా రంగు మాత్రం. అంచు 1 మిల్లీమీటరు కనపడాలంటే కింది స్ట్రోక్ 2 మిల్లీమీటర్లు ఇవ్వాలి. ఫాయిల్ బ్లాక్‌కు పై నకలు ఒక్కటే, వంద శాతం నలుపులో, విడి ఫైలుగా పంపండి.

గుండుసున్నా
చుక్కల వలయం గురించి. ఆధారమైన హల్లు లేకుండా గుణింతపు గుర్తు ఒంటరిగా పడితే, 'దీన్ని దేనికి తగిలించాలి?' అంటూ షేపింగ్ ఇంజిన్ ఆ వలయం చూపిస్తుంది. ఫాంటు తప్పు కాదు, మార్చినా పోదు. మేటరు దిద్దేటప్పుడు హల్లు చెరిగిపోయి గుడి మిగిలితే వచ్చేది ఇదే. అను అనే పాత తెలుగు ఫాంట్ల నుంచి యూనికోడ్‌కు మార్చిన మేటరులో ఇంకా ఎక్కువ.

మేటరును ముందు వర్డ్‌లోనో లిబ్రాఫీస్ రైటర్‌లోనో వేయండి. అనుమానం ఉన్న గుర్తు తర్వాత కర్సరు పెట్టి ఆల్ట్+ఎక్స్ నొక్కితే దాని కోడ్ బయటపడుతుంది, మళ్లీ నొక్కితే అక్షరమవుతుంది. ఇంక్‌స్కేప్‌లోనే చేయాలంటే వలయం తర్వాత కర్సరు పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి కొట్టండి. పూర్తి అక్షరం కాదు, చివరి గుర్తు ఒక్కటే పోతుంది.

వలయం కనబడుతుంది కాబట్టి నయం. కనబడని దొంగ ఒకడున్నాడు: సున్న. తెలుగు అంకె సున్న (౦) కోడ్ 0సీ66. అనుస్వారం (ం) కోడ్ 0సీ02. చాలా ఫాంట్లలో కవలపిల్లల్లా ఉంటాయి. 'వివాహ౦' అని అంకెతో పడితే కార్డు మీద ఎవరికీ తెలియదు, కానీ వెతికితే దొరకదు, కొన్ని ఫాంట్లలో సున్నకు ముందు వెనక ఖాళీ తేడాగా ఉంటుంది. అంకెలన్నీ 1, 2, 3 లోనే వాడే మేటరైతే ఫైండ్ అండ్ రీప్లేస్‌లో ౦ మొత్తాన్ని ం చేసేయండి, నిమిషం పని. విసర్గకు బదులు కోలన్ పడటం కూడా ఇదే బాపతు, 'అంత:పురం', 'దు:ఖం' లాంటివి. దాన్ని మాత్రం గుడ్డిగా మార్చకండి, ముహూర్తం గంటల మధ్య కోలన్లు కూడా విసర్గలైపోతాయి.

పేర్లు కూడా చూడండి. 'రాజ్‌కుమార్' అని పంపితే దారిలో ఎక్కడో కనబడని విభజక గుర్తు రాలిపోయి 'రాజ్కుమార్' అవుతుంది. పెళ్లికొడుకు పేరులో అలా పడితే కార్డులన్నీ మళ్లీ కొట్టాలి. ఇంక్‌స్కేప్‌లో జ్ తర్వాత కర్సరు పెట్టి కంట్రోల్+యూ నొక్కి, 200 కొట్టి, ఇంగ్లిషు సీ అక్షరం కొట్టి, ఎంటర్. విడిపోతుంది.

కీబోర్డు_కాక
ఇంత తతంగం దేనికండీ? అను ఫాంట్లు వాడితే ఏ వలయమూ రాదు, ఏ ఒత్తూ ఊడదు. ఊళ్లో సగం ప్రెస్సులు ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి.

గుండుసున్నా
నడుస్తున్నాయి, కాదనను. అను ఫాంట్లలో ఒత్తు, గుడి, కొమ్ము దేనికది ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటుంది. షేపింగ్ అనేదే లేదు, ముక్కలు పేర్చడమే. అందుకే తెలుగు తెలియని పాత సాఫ్ట్‌వేర్‌లోనూ చెదరదు. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో తెరిస్తే మాత్రం పేజీ నిండా పిచ్చి ఇంగ్లిషు. పేరు వెతకలేరు, ఆ మేటరు వాట్సాప్‌లో పెళ్లివారికి తిరిగి పంపి ప్రూఫ్ చూపించలేరు. ఈ రోజుల్లో మేటరు వచ్చేదే ఫోన్ నుంచి, యూనికోడ్‌లో. దాన్ని అనులోకి మార్చి దిద్ది మళ్లీ ఇటు మార్చడం రెట్టింపు చాకిరీ.

పాత అను ఫైళ్లు మార్చక తప్పనివాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. మధ్యలో ఇంగ్లిషు పేర్లు, ఫోన్ నంబర్లు ఉంటే కన్వర్టరు వాటినీ తెలుగు ముక్కలే అనుకుని మార్చేస్తుంది. మార్చే ముందు వాటిని విడదీయండి.

మౌలాలి_మౌస్
మూడో ప్రశ్న ఎవరూ ముట్టలేదు. విండోస్ 10లో 1809 వెర్షన్ నుంచి ఫాంటు ఫైలు మీద రెండుసార్లు నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఆ యూజరుకు మాత్రమే పడుతుంది, యాప్‌డేటా లోపలి ఫోల్డర్లోకి పోతుంది. కొన్ని ప్రోగ్రాములకు, ముఖ్యంగా పాత వెర్షన్లకు, ఆ ఫోల్డర్ కనపడదు. పక్క సిస్టమ్‌లో ఫాంటు ఫైలు మీద కుడి క్లిక్ చేసి 'ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్' అనండి. ఇంక్‌స్కేప్ మూసి తెరవండి, మొదటిసారి ఫాంట్ల జాబితా కట్టుకోవడానికి కాసేపు తీసుకుంటుంది, హ్యాంగ్ అయిందని చంపకండి.

ఫైలు ఏ ఫాంటు అడుగుతోందో 1.3లో 'డాక్యుమెంట్ రిసోర్సెస్' డైలాగులో కనిపిస్తుంది. ఒక మెలిక: అది ఫైల్లో రాసున్న పేరు మాత్రమే చూపిస్తుంది. ఆ ఫాంటు సిస్టమ్‌లో లేకపోతే బదులుగా ఏది వచ్చి కూర్చుందో చెప్పదు. కళ్లతో పోల్చుకోవాల్సిందే. విండోస్ 10లో తెలుగుకు బదులుగా వచ్చేది సాధారణంగా నిర్మలా యూఐ. గౌతమి, వాణి ఇప్పుడు విడి ఐచ్ఛిక ఫీచరు, సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్'కు వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటేనే వస్తాయి. పాత గౌతమి ఫైళ్లు కొత్త సిస్టమ్‌లో రూపు మారిపోవడానికి కారణం ఇదే.

ఇంకో మాట, మండలికీ రామభద్రకూ బోల్డ్ లేదు, ఒక్క బరువే. బీ బటన్ నొక్కితే వచ్చేది దొంగ బోల్డ్. ఒక ప్రోగ్రాంలో ఉంటుంది, ఇంకోదాంట్లో మాయమవుతుంది. నిజంగా బరువులు కావాలంటే నోటో సెరిఫ్ తెలుగో, నోటో సాన్స్ తెలుగో వేసుకోండి. అందులోనూ బరువులన్నీ ఒకే ఫైల్లో ఉండే వేరియబుల్ ఫైలు కాకుండా, బరువు బరువుకు విడిగా ఉండే స్టాటిక్ ఫైళ్లు. వేరియబుల్ అయితే పీడీఎఫ్‌లోకి పోయేటప్పుడు బరువు జారిపోయే ప్రమాదం ఉంది.

శుభలేఖ_సుధ
ఆల్ యూజర్స్ పెట్టాక పక్క సిస్టమ్‌లో రామభద్ర వచ్చింది. వలయాలు కూడా పోయాయి, రెండూ హల్లు లేకుండా ఒంటరిగా పడ్డ గుర్తులే. ఒక్క పేరా మాత్రం ఇంకా మొండికేస్తోంది. పాత కార్డు పీడీఎఫ్‌ను ఇంక్‌స్కేప్‌లో తెరిచి అందులోంచి కాపీ చేసిన పేరా అది. అక్షరాల మధ్య ఎడం ఎగుడుదిగుడుగా ఉంది, ఒక పదం దిద్దితే లైనంతా చెల్లాచెదురు.

పొల్లు_నకారం
పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేయకండి, చేయకండి, చేయకండి. పైన చెప్పిందే, అందులో ఉన్నవి బొమ్మలు, వాటి స్థానాలు. ఇంక్‌స్కేప్ తెరిచేటప్పుడు ప్రతి ముక్కకూ ఎక్కడుండాలో అంకె కట్టేస్తుంది. మీరు పదం మార్చినా పాత అంకెలు అక్కడే వేలాడతాయి. టెక్స్ట్ మెనూలో 'రిమూవ్ మాన్యువల్ కెర్న్స్' నొక్కితే కొంత సర్దుకుంటుంది. కోడ్ల క్రమమే తప్పి ఉంటే దానికీ లొంగదు. ఆ పేరా మళ్లీ టైపు చేయడమే దగ్గరి దారి, నాలుగు లైన్ల కోసం పెనుగులాట ఎందుకు.

అదే కారణంతో ఆల్ట్+బాణాలతో తెలుగు అక్షరాలను చేత్తో జరపకండి. ఎడం కావాలంటే టెక్స్ట్ పాత్ అయ్యాక జరపండి.

ఫ్లెక్స్_ఫిరోజ్
మధ్యలో వస్తున్నా, మాఫ్ కరో. నాది ఫోటోషాప్. 'కార్యక్రమం', 'స్వాగతం' టైపు కొడితే పొల్లు విడిగా, హల్లు విడిగా వస్తున్నయి, ఒత్తులే కలుస్తలేవు. 10 × 4 అడుగుల ఫ్లెక్స్. 300 రెజల్యూషన్ పెడితే ఫైలు సేవ్ కూడా అయితలేదు.

మౌలాలి_మౌస్
ఫిరోజ్ భాయ్, ఎడిట్, ప్రిఫరెన్సెస్, టైప్‌కు వెళ్లు. అక్కడ టెక్స్ట్ ఇంజిన్ ఎంపిక ఉంటే 'వరల్డ్-రెడీ లేఅవుట్' పెట్టు. కొన్ని పాత వెర్షన్లలో దాని పేరు 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్'. ఇప్పటికే కొట్టిన లేయర్లు దానంతటవే మారవు. టెక్స్ట్ లేయరు పట్టుకుని, పేరాగ్రాఫ్ ప్యానెల్ మూలనున్న చిన్న మెనూలో కూడా వరల్డ్-రెడీ ఎంచుకోవాలి. ఇన్‌డిజైన్‌లో అయితే అదే మూల మెనూలో 'అడోబీ వరల్డ్-రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్'. ట్రాకింగ్ (అక్షరాల మధ్య ఎడం) సున్నా ఉంచు, ఫో బోల్డ్ (దొంగ బోల్డ్) తీసెయ్.

సైజు లెక్క: 10 అడుగులు అంటే 120 అంగుళాలు, 300తో 36,000 పిక్సెళ్లు. పీఎస్‌డీ ఫైలు 30,000 దాటనివ్వదు, అందుకే సేవ్ కాలేదు. ఫ్లెక్స్‌ను దూరం నుంచి చూస్తారు, 72 చాలు: 8640 × 3456. టెక్స్ట్‌ను మాత్రం 'కన్వర్ట్ టు షేప్' చేసి పంపు.

ఫ్లెక్స్_ఫిరోజ్
ఒత్తులు కలిసినయ్ భాయ్. ఒక లైను ఉర్దూ కూడా ఉంది, అది ఇంక్‌స్కేప్‌లో చేద్దామనుకుంటున్న. తెలుగు లైను కింద పెడితే మధ్యల ఇంత జాగా వస్తుంది.

ఛత్తాబజార్_డీటీపీ
ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి అక్షరాలు పైనుంచి కిందికి వాలుగ దిగుతయి, అందుకే ఆ ఫాంట్ల లైను ఎత్తు చానా పెట్టి ఉంటరు. తెలుగు, ఉర్దూ ఒకే టెక్స్ట్ పెట్టెల వేస్తే ఆ ఎత్తు లైన్లను దూరం కొడతది. రెండు వేరే వేరే పెట్టెలు చేసుకొని చేత్తోటి జరుపుకో. నోటో నస్తాలీఖ్ ఉర్దూ మంచిగనే కలుస్తది. పైన టెక్స్ట్ పట్టీల కుడి నుంచి ఎడమకు అనే బటన్ నొక్కుడు మరువకు, లేకుంటే లైను చివర చుక్క వచ్చి మొదట్ల కూసుంటది. ఆఖరికి దీన్ని కూడా పాత్ చేయాలె. ఇన్‌పేజ్ (ఉర్దూ డీటీపీ ప్రోగ్రాం) పాత ఫైల్లకెళ్లి కాపీ చేయకు, మళ్ల కొట్టు.

శుభలేఖ_సుధ
చివరిగా ఒకటి. ప్రెస్సువాళ్లు ప్రూఫ్ తీసి, చిన్న మేటరు మసకగా ఉందంటున్నారు. 9 పాయింట్ల మండలి, నల్ల సిరా. ఒత్తుల చుట్టూ గులాబీ నీడలా కనబడుతోంది. వాళ్లది ఆఫ్‌సెట్.

గుండుసున్నా
అది ఇంక్‌స్కేప్ పరిమితి. దాని పీడీఎఫ్ తెర రంగుల లెక్క ఆర్‌జీబీలోనే వస్తుంది, ప్రెస్సు నాలుగు సిరాల లెక్క సీఎంవైకే (నీలం, గులాబీ, పసుపు, నలుపు) రాదు. మీ నలుపు ప్రెస్సు దగ్గర మార్పిడి అయ్యేటప్పుడు నాలుగు సిరాల కలగలుపు అవుతుంది. నాలుగు ప్లేట్లలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి జరిగినా ఒత్తు లాంటి సన్న గీత పక్కన రంగు తొంగిచూస్తుంది. ఇంగ్లిషుకు అంతగా తెలియదు, 9 పాయింట్ల 'క్ష్మి'లో బాగా తెలుస్తుంది.

దీనికి స్క్రైబస్ అనే పేజీ లేఅవుట్ ప్రోగ్రాం కావాలి. 1.6 వేసుకోండి, 2024లో వచ్చింది. 1.4 వెర్షన్లు వద్దు, వాటికి తెలుగు ఒత్తులు కలపడం రాదు. పాత్ చేసిన నకలును ఎస్‌వీజీగా సేవ్ చేసి, స్క్రైబస్‌లో ఫైల్, ఇంపోర్ట్, వెక్టర్ ఫైలుగా తెచ్చుకోండి. పేజీ 127 × 177.8 మిల్లీమీటర్లు, బ్లీడ్ (కత్తిరింపు గీత దాటి పరిచే రంగు) నాలుగు వైపులా 3. అంటే బ్యాక్‌గ్రౌండ్ రంగు 133 × 183.8 వరకూ పరుచుకోవాలి, అది ముందే ఇంక్‌స్కేప్‌లో చూసుకోండి.

ఇప్పుడు ఎడిట్ మెనూలో రంగుల జాబితా తెరవండి. ఎస్‌వీజీ నుంచి వచ్చిన రంగులు 'ఫ్రమ్‌ఎస్‌వీజీ' అన్న పేరుతో మొదలవుతాయి, నలుపుకు చివర ఆరు సున్నాలుంటాయి. దాన్ని ఎడిట్ చేసి మోడల్ సీఎంవైకే, కే 100, మిగతా మూడూ 0. మేటరు రంగు బ్యాక్‌గ్రౌండ్ మీద ఉంటే ప్రాపర్టీస్‌లో ఓవర్‌ప్రింట్ (కింది రంగు మీదే నలుపు పడటం) కూడా పెట్టండి, లేకపోతే ప్లేటు జరిగినప్పుడు అక్షరం చుట్టూ తెల్ల అంచు వస్తుంది. పీడీఎఫ్ ఎగుమతిలో రంగుల ట్యాబులో 'ప్రింటర్', ప్రీ-ప్రెస్ ట్యాబులో క్రాప్ మార్కులు, డాక్యుమెంట్ బ్లీడ్.

శుభలేఖ_సుధ
నలుపు నిజంగా ఒక్క సిరాలోనే ఉందని పంపేముందు ఎలా తెలుసుకోవాలి? తెర మీద రెండూ ఒకేలా ఉన్నాయి.

గుండుసున్నా
స్క్రైబస్‌లోనే ఔట్‌పుట్ ప్రివ్యూ తెరవండి. సిస్టమ్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే విడి ప్రోగ్రాం ఉండాలి, లేకపోతే సిరాలు విడదీసి చూపించదు. సీ, ఎం, వై టిక్కులు తీసేస్తే మేటరు ఉన్నదున్నట్టు నిలవాలి. తర్వాత అవి మూడూ పెట్టి కే ఒక్కటి తీసేయండి, మేటరు పూర్తిగా మాయమవ్వాలి. ఎక్కడైనా ఒక పేరు బూడిదరంగులో మిగిలితే అది వేరే నలుపు. జాబితాలో ఆరు సున్నాలకు బదులు 1ఏ1ఏ1ఏ లాంటిది ఒకటి ఉంటుంది, దాన్నీ అలాగే మార్చి మళ్లీ చూడండి.